యేసుపాదం బండి ముందద్దం

కుడిచేతి బొటనవేలు వంగడం మానేసిన రోజున నా పని అయిపోయింది. లారీ అద్దం ఒకటి చేతిలోంచి జారి నరం తెంచింది. గాయం మానింది గాని, అద్దం కోసే కట్టర్ పట్టుకోవాలంటే ఆ వేలు నొక్కాలి. అది నొక్కదు. యాభై నిండకముందే ఇంట్లో కూర్చున్నాను.

మద్రాసులో కందస్వామి గుడి వెనక వీధిలో కార్లకు అద్దాలు కోసి బిగించడం నా వృత్తి. ఇప్పుడు ఆ వీధిలో కొత్త కుర్రాళ్ళు చేరుతున్నారు. సాయంకాలాలు కొందరు మా ఇంటికి వచ్చి, "అన్నా, ఈ బండికి అచ్చు ఎట్టా తియ్యాల?" అని అడుగుతుంటారు. వాళ్ళకు నోటితో చెప్పినవి కొన్ని, ఇంతవరకు చెప్పనిది ఒకటి, ఇక్కడ రాస్తున్నాను. చెప్పనిది ఒక మనిషికి సంబంధించింది. దాన్ని సరిచేయడం కోసమే మిగతావి కూడా రాస్తున్నానేమో.

కలకండ

కారు అద్దాలు రెండు జాతులు. ఒకటి కొలిమిలో కాల్చి గట్టిపరిచింది. ఒక పట్టాన పగలదు, పగిలిందా పలుకులు పలుకులుగా రాలిపోతుంది. దాన్ని కోయలేం. రెండోది రెండు పలకల మధ్య పల్చటి పొర పెట్టి అంటించింది. పగిలినా ఊడి మీద పడదు, నెర్రె విచ్చి అలాగే నిలబడుతుంది. దీన్ని కోయవచ్చు.

చేరిన కొత్తలో ఈ తేడా నాకు తెలియదు. లారీ తలుపు అద్దాన్ని కాస్త చిన్నది చేద్దామని బల్ల మీద పరిచి, గీత గీసి, కింద నుంచి తట్టాను. మరుక్షణం బల్ల మీద అద్దం లేదు. కొట్టు నిండా పలుకులు. మా యజమాని రంగయ్య సెట్టిగారు గల్లాపెట్టె దగ్గర నుంచి తల తిప్పకుండానే, "మునిరత్నం, పొట్లాలు కట్టరా. గుడి ముందర కలకండని అమ్ముకుందాం" అన్నారు.

అంటించిన అద్దాన్ని కోయడం ఓపిక పని. రెండు వైపులా ఒకే చోట గీత పడాలి. రెండు పలకలూ విరిగాక, గీత వెంట స్పిరిట్ పోసి వెలిగిస్తే లోపలి పొర మెత్తబడుతుంది. అప్పుడు బ్లేడుతో పొరను తెంపాలి. ఇదంతా కొద్ది నెలల్లో ఎవరికైనా వస్తుంది. రానిది అంచు. నడిమి మీద దెబ్బ పడితే అద్దం తట్టుకుంటుంది. అంచులో గోరంత పెచ్చు లేచినా చాలు, ఎప్పుడో ఒక ఎండకో ఒక కుదుపుకో అక్కడి నుంచి నెర్రె బయలుదేరుతుంది. అందుకని సానరాయి మీద నీళ్ళు పోస్తూ అంచు అంతా నునుపు తీయాలి. వేలు పెట్టి రాస్తే పట్టుగుడ్డ తగిలినట్టు ఉండాలి. ఎవరూ చూడని చోట, చట్రం లోపల దాగిపోయే చోట, అంత శ్రమ ఎందుకని కుర్రాళ్ళు అడుగుతారు. ఎవరూ చూడరు గనకనే.

ఇంకొకటి. పాత ఇంగ్లీషు కార్ల ఒంట్లో చెక్క ఉంటుంది. మన కార్తీకమాసపు వానలకు అది ఉబ్బుతుంది. వానల్లో కొలత తీసి బిగించిన అద్దం ఒకటి, చిత్రి నెల ఎండలకు చెక్క ఎండి మేకు వంకర తిరిగితే, నిలబెట్టిన బండిలోనే పగిలింది. వానాకాలంలో కొలతలు తీయకండి. తీయక తప్పకపోతే రబ్బరుకు రవ్వంత చోటు ఎక్కువ వదలండి.

సెట్టిగారు

రంగయ్య సెట్టిగారు మంచివారా అని అడిగితే, ఆయన కొట్టు మంచిది అని చెబుతాను. నాసిరకం అద్దం గడప దాటనిచ్చేవారు కాదు. గిరాకీని మోసం చేయలేదు. మా ఇంట్లో జబ్బు చేస్తే ఆయనే వైద్యుణ్ణి పంపేవారు. అయితే ఆయనకు ఒక సూత్రం ఉండేది, దాన్ని మాకు నూరిపోశారు.

"గిరాకీ అడిగితే తెలీదు అనగాకరా. తెలీదన్నోడి కొట్లో ఎవడు కొంటాడు? ఏదో ఒకటి చెప్పు."

బేరంలో ఈ సూత్రం పనికొస్తుంది. వీధిలో మా కొట్టుకు పేరు రావడానికి అదీ ఒక కారణం. నాకు అబ్బిన అలవాట్లలో అంత చెడ్డది ఇంకొకటి లేదని ఇప్పుడు అనుకుంటున్నాను.

రెండు సీట్ల బండి

యేసుపాదం వ్యాసర్పాడి మనిషి. వాళ్ళ నాయన నెల్లూరు నుంచి వచ్చి రైల్వే యార్డులో కూలికి చేరాడు. ఇతను అదే యార్డులో ఫిట్టరయ్యాడు. తెల్లదొరలు దేశం వదిలి పోయేటప్పుడు ఒక దొర తన పాత స్పోర్ట్స్ కారును, కదలని స్థితిలో, ఇతనికి వదిలిపోయాడు. రెండు సీట్లు, పైన గుడ్డ టాపు, పొడుగాటి బానెట్. ముందద్దం ఇత్తడి చట్రంలో నిటారుగా నిలబడి ఉంటుంది. డ్యూటీ దిగాక రోజూ దాని దగ్గర కూర్చుని, ఏళ్ళ తరబడి మరమ్మతు చేసి, ఇంజను పలికించాడు.

పెళ్ళికి ముందు సాయంత్రం పెళ్ళికొడుకును టాపు లేని కారులో కూర్చోబెట్టి, నాదస్వరంతో, గ్యాసు లైట్లతో ఊరేగించడం మద్రాసులో మామూలు. అరవవాళ్ళు జానవాసం అంటారు. పట్నంలో మన తెలుగిళ్ళకూ అదే పేరు అంటుకుంది. యేసుపాదం టాపు మడిచిన చోట చిన్న గద్దె కట్టి పట్టుగుడ్డ పరిచాడు. పెళ్ళికొడుకు ఆ గద్దె మీద ఎత్తుగా కూర్చుంటే రెండు వీధుల అవతలికి కనబడేవాడు. పెళ్ళి పనులు కుదిర్చే గురవయ్య బండి చూసి మెచ్చుకుని వరసగా పిలవసాగాడు. ఆ ధైర్యంతో యేసుపాదం యార్డు ఉద్యోగం మానేశాడు.

అట్లాంటి రోజుల్లో షెడ్డు మీది రేకు గాలికి జారి ముందద్దం మీద పడింది.

బండిని మా కొట్టు ముందుకు తెచ్చి ఆపాడు. సెట్టిగారు అరుగు మీద నుంచి వంగి చూశారు.

"ఏమప్పా, ఇది బండా, చెప్పా?"

"చెప్పే సామీ. పెండ్లికొడుకులకి తొడిగేది."

"ఊరేగింపు నడక మీద పోతాది. గాలి యాడుంది, అద్దం ఎందుకు? వట్టి చట్రానికి పూలు చుట్టు."

"గురవయ్య ఒప్పుకోడు సామీ. వట్టి చట్రం ముందర పెండ్లికొడుకుని పెడితే గోడ కూలిన ఇంట్లో కూర్చోబెట్టినట్టు ఉండాదంటాడు. పగిలిన అద్దమైతే అసలే వద్దంట." గొంతు తగ్గించాడు. "సంకురాత్రి దాటితే తై నెల, ముహూర్తాలు. అంతలోపల అద్దం దొరక్కపోతే ఈ సీజను పోతాది. మళ్ళీ యార్డుకి పోదామంటే ఆడ నా జాగాలో వేరేవాడు చేరిపోయినాడు."

సెట్టిగారు నా వైపు చూశారు. "మునిరత్నం, వెతుకు."

ఎన్నూరు దారిలో

వెతకడమంటే ఏమిటో ఇప్పటి కుర్రాళ్ళకు తెలియాలి. ఇంగ్లీషు సీమ నుంచి సరుకు రావడం కష్టంగా ఉన్న రోజులు. కంపెనీకి జాబు రాస్తే జవాబు వచ్చేసరికి పెళ్ళికొడుకులు తండ్రులవుతారు. మూర్ మార్కెట్ వెనక పాత సామాన్ల వాళ్ళను అడిగాను. పుదుపేటలో కార్లు విప్పే వాళ్ళ దగ్గరికి పోయాను. పెద్ద పలక దొరికిన చోట అది గట్టిపరిచినదై ఉండేది. అంటించినది దొరికిన చోట పొర పసుపుపచ్చ తిరిగి, లోకమంతా కామెర్లొచ్చినట్టు కనబడేది.

చివరికి ఎన్నూరు దారిలో, ఉప్పుటేరు ఒడ్డున, మిలిటరీ వాళ్ళు వేలం వేసిన సామాను కొన్న సాయిబు ఒకాయన ఉన్నాడని తెలిసింది. జీపుల ముందద్దాలు చదునుగా ఉంటాయి, అంటించినవే. మా బండికి సరిపోతాయి.

యేసుపాదం బండిలోనే బయలుదేరాం. అద్దం లేని స్పోర్ట్స్ కారులో సముద్రపు ఒడ్డున పోవడం ఎట్లా ఉంటుందో ఆ ఒక్కసారే తెలిసింది. కళ్ళలో నీళ్ళు చెవుల దాకా కారేవి. ఎండుచేపల వాసన, ఉప్పు, దుమ్ము, అన్నీ కలిసి మొహాన కొట్టేవి. వలలు భుజాన వేసుకుని పోతున్న జాలర్లు పక్కకు తప్పుకుని ఏదో అరిచేవాళ్ళు.

"నోరు మూసుకో మునిరత్నం, ఈగలు పోతాయి" అన్నాడు యేసుపాదం.

"నేనేమీ అనలేదే."

"నవ్వతాండావు గదా. దానిక్కూడా నోరు తెరవాల."

ఆ రోజంత హాయిగా నేను ఏ పనికీ పోలేదు.

సాయిబు షెడ్డులో జీపు అద్దాలు గోడకు చేరవేసి ఉన్నాయి. ఉప్పుగాలికి అంచులు తెల్లబడి పొర విడిపోతోంది. ఒక్కొక్కదాన్నీ వెలుతురులోకి ఎత్తి చూశాం. అడుగున, మైనపు కాగితం చుట్టి కంబళిలో పెట్టినవి రెండు బయటపడ్డాయి. మచ్చ లేదు, పసుపు లేదు. రెండూ తీసుకున్నాం. తిరుగు దారిలో వాటిని ఒళ్ళో పెట్టుకుని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాను. యేసుపాదం ప్రతి గుంత దగ్గరా బండిని దాదాపు ఆపేసి దించాడు.

మొదటి పలకను కోసి, అంచు నేనే తీశాను. చట్రపు గాడిలో పాత సైకిల్ ట్యూబు కత్తిరించి పరిచాను. నాలుగు మూలల మరలనూ వరసగా కొంచెం కొంచెం బిగించాను. ఒక మూలను ముందే బిగిస్తే అద్దం మెలిపడుతుంది. పని అయ్యాక యేసుపాదం సీట్లో కూర్చుని చూడలేదు. బండి ముందుకు వెళ్ళి నిలబడి, బయట నుంచి చూశాడు.

"పెండ్లి చూసేవాళ్ళు ఈడే గదా ఉండేది" అన్నాడు.

ఒక మాట

మొదటి పెళ్ళి మిరియాల మండీ వారిది. ఊరేగింపు జరిగిన మరునాడు గురవయ్య, పెళ్ళికూతురి మేనమామ, ఇంకా ఇద్దరు పెద్దమనుషులు కొట్టుకు వచ్చారు. యేసుపాదం వాళ్ళ వెంట లేడు.

"ఏం సెట్టిగారూ, మీ అద్దం పెండ్లికొడుకు ముందరే పగిలిందే" అన్నాడు మేనమామ. "రాయి తగల్లేదు, ఎవరూ గుద్దలేదు. ఊరికే నెర్రె ఇచ్చింది. ఏం సరుకిది?"

సెట్టిగారు నా వైపు చూశారు. అంచు ఎట్లా తీశానో నాకు తెలుసు. మరలు ఎట్లా బిగించానో తెలుసు. ఎందుకు పగిలిందో తెలియదు. ఆ మాటే అంటే పోయేది. కాని సెట్టిగారు చూస్తున్నారు, వాళ్ళు ఎదురుచూస్తున్నారు.

"అద్దం మంచిదే సామీ. అంచు నేనే తీసినాను. ఆ బండికే రాసి లేదేమో" అన్నాను.

రాసి అంటే మా పట్నంలో అదృష్టం, కలిసొచ్చే గుణం. నవ్వుతూనే అన్నాను. సెట్టిగారు నవ్వారు, గురవయ్య నవ్వాడు. మేనమామ మాత్రం నవ్వలేదు. ఆయన మరేమీ అడక్కుండా లేచాడు. కొట్టు పేరు దక్కింది. సెట్టిగారు ఆ రోజు నాకు కాఫీ తెప్పించారు.

మధ్యాహ్నం యేసుపాదం బండి తెచ్చాడు. అద్దం కింది అంచు నడిమి నుంచి పుట్టిన నెర్రె పైదాకా పాకింది. ఇక్కడ కుర్రాళ్ళు జాగ్రత్తగా చదవాలి. పెచ్చు లేచిన అద్దం పెచ్చు దగ్గర పగులుతుంది. మెలిపడ్డ అద్దం మూల నుంచి పగులుతుంది. కింది అంచు నడిమిలో పెచ్చూ లేదు, మెలికా లేదు. అక్కడేదో జరిగిందని ఆ నెర్రె చెబుతూనే ఉంది. నేను వినలేదు. రెండో పలక కోసి బిగించి పంపేశాను.

మాసం తిరక్కముందే ఇంకో పెళ్ళిలో రెండోదీ అట్లాగే, అదే చోట పగిలింది. ఈసారి గురవయ్య కొట్టుకు రాలేదు. యేసుపాదం ఇంటికి మనిషిని పంపి, మిగిలిన ముహూర్తాలకు రావద్దని చెప్పించాడు. యేసుపాదం తానే వెళ్ళి అడిగాడట. "నేనేం చేసేది? అద్దాలోడే అన్నాడు గదా, ఆ బండికి రాసి లేదని" అన్నాడట గురవయ్య.

యేసుపాదం ఆ మాట నన్ను అడగలేదు. నేనే అన్నానని అతనికి తెలుసు. కొట్టు ముందు నుంచి నడిచిపోయినప్పుడు, "ఏం మునిరత్నం, బాగుండావా" అని మామూలుగానే పలకరించేవాడు.

మా ఇంటి పెళ్ళి

మా చెల్లెలి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుకు కారు ఏర్పాటు చేయాల్సింది మేము. యేసుపాదం బండి పెడదామన్నాను. అది చూస్తే ఊరు ఆ మాట మరిచిపోతుందని నా లెక్క.

మా అమ్మ బియ్యం చెరుగుతూ చేట ఆపింది. "యార్డు ఆయన బండా? దానికి రాసి లేదంట గదరా."

"ఎవరు చెప్పినారు?"

"ఊరంతా అనుకుంటాండారు. మిరియాల మండీ వాళ్ళ పెండ్లిలో అద్దం పేలి గాజు పెండ్లికొడుకు కంట్లో పడబోయిందంట. తోడిపెండ్లికొడుకు అడ్డమొచ్చినాడంట."

"అట్టాంటిదేమీ జరగలేదమ్మా. చిన్న నెర్రె. రాసి లేదన్న మాట కూడా వట్టిదే. ఆ మాట అన్నది నేనే."

చేట కింద పెట్టి నన్ను చూసింది. "అయితే నిజమే. అద్దాలు తెలిసినోడు అన్న మాటని చెప్పుకుంటాండారు, అది నువ్వేనా? తెలిసినోడివి, ఊరికే అంటావా?"

"ఊరికే అన్నాను."

"అప్పుడు ఊరికే అన్నావో, ఇప్పుడు ఊరికే అంటాండావో, నాకెట్టా తెలుస్తాది నాయనా? దాని పసుపు కుంకాలతో ఆటలొద్దు."

వేరే కారు మాట్లాడాం. యేసుపాదాన్ని పెళ్ళికి పిలిచాను, వస్తాడనుకోలేదు. ఇస్త్రీ చేసిన చొక్కాతో, భార్యతో వచ్చాడు. ఊరేగింపులో ఆ వేరే కారు వెనకాల అందరితో కలిసి నడిచాడు. ఒక మలుపు దగ్గర డ్రైవరు గేరు తప్పించి కారు గుర్రుమంటే, యేసుపాదం చేయి గాలిలోనే గేరు సరిచేయడం చూశాను. ఆ రాత్రి భోజనాల దగ్గర అతని కళ్ళలోకి చూడలేదు.

పన్నీరు

ఆ తర్వాత రెండు మూడేళ్ళకు, ఒక సాయంత్రం కొట్టు కట్టేసే వేళకు మా వీధిలోకి ఊరేగింపు వచ్చింది. మౌంటురోడ్డులో కార్లు బాడుగకిచ్చే పెద్దమనిషి పంపిన టాపులేని కారు. అదీ పొడుగు బానెట్ బండే. వీధి మూల తిరిగాక నాదస్వరం ఆయన నిలబడి రాగం ఎత్తుకున్నాడు. ఊరేగింపు ఆగింది. మంచి పాటగాడు దొరికితే మూలమూలనా ఇట్లాగే ఆగుతుంది.

గ్యాసు లైటు మోస్తున్న మనిషికి మెడ నొప్పి. లైటును కారు బానెట్ మీద, ముందద్దానికి ఆనించి దించాడు. రాగం సాగింది. అంతలో ఒక పెద్దావిడ వెండి పన్నీరుబుడ్డి తీసుకుని, పెళ్ళికొడుకు మీదా పిల్లల మీదా చల్లుతూ కారు చుట్టూ తిరిగింది. అద్దం మీద కూడా నాలుగు చుక్కలు పడ్డాయి.

టిక్కుమంది.

నాదస్వరం గోలలో అది ఇంకెవరికీ వినబడి ఉండదు. నాకు వినబడింది. ఆ చప్పుడు నాకు పేరు పెట్టి పిలిచినంత స్పష్టం. దగ్గరికి వెళ్ళి చూశాను. కింది అంచు నడిమి నుంచి, లైటు ఆనిన చోటు నుంచి, నెర్రె పైకి పాకుతోంది. కాలిన పెనం మీద నీళ్ళు చల్లినట్టే. ఎంత మంచి అంచు తీసినా ఏ అద్దమూ దానికి తట్టుకోదు. యేసుపాదం బండి బానెట్ నడుమంత ఎత్తున చదునుగా ఉంటుంది. లైటు దించడానికి అంతకంటే అనువైన బల్ల ఊరేగింపులో ఉండదు. అద్దం నిండా పూలు, అతని చూపు ముందు నడిచే పిల్లల కాళ్ళ మీద. అతనికి ఎట్లా తెలుస్తుంది?

జనం కూడా నెర్రె చూశారు. గురవయ్య అక్కడే ఉన్నాడు. పన్నీరు చల్లిన ఆవిడ చెంపలు వేసుకుంది. "పోనీలే అబ్బయ్యా, దిష్టి పోయింది. మంచిదే" అంది. "మంచిదేనమ్మా, ఉన్న గండం అద్దంతో పోయింది" అన్నాడు గురవయ్య. ఊరేగింపు కదిలిపోయింది.

అదే లైటు, అదే పన్నీరు, అదే నెర్రె. మౌంటురోడ్డు పెద్దమనిషి కారులో పగిలితే దిష్టి పోయింది. యార్డు మనిషి కారులో పగిలితే రాసి లేదు.

చెప్పాల్సిన చోట

మరునాడు వ్యాసర్పాడి వెళ్ళి యేసుపాదానికి అంతా చెప్పాను. షెడ్డు ముందు బీడీ కాలుస్తూ విన్నాడు. నేను క్షమించమని అడగబోయేసరికి చేయి అడ్డం పెట్టాడు.

"నాకెందుకు చెప్తాండావు మునిరత్నం? నా బండి మంచిదని నాకు తెలీదా? తెలీనోళ్ళకి చెప్పు. యాడ అన్నావో ఆడ చెప్పు."

గురవయ్య కొట్టుకు వచ్చే రోజు చూసుకుని, సెట్టిగారి ముందే చెప్పాను. సెట్టిగారి మొహం మారింది.

"అంటే మన అద్దం పన్నీటికి పగలతాదని ఊరంతా చాటతావా?"

"ఎవరి అద్దమైనా పగలతాది సెట్టిగారూ. బండి తప్పు లేదు. ఆ రోజు నాకు తెలీదు, తెలీదని అనలేదు."

ఆయన గల్లాపెట్టె వైపు తిరిగిపోయారు. ఆ తర్వాత చాలాకాలం నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. గురవయ్య మాత్రం శ్రద్ధగా విన్నాడు.

"సరిప్పా. ఇకమీద బండి మీద లైటు దించొద్దని చెప్తాను."

"యేసుపాదం బండి?"

తమలపాకుకు సున్నం రాసి మడిచాడు. "నువ్వు చెప్పింది నేను నమ్మతాను. పెండ్లికూతురి నాయన్ని నేనెట్టా నమ్మించేది? వాళ్ళు కారు అడగరు మునిరత్నం, రాసి అడగతారు."

మిరియాల మండీ మేనమామ ఇంటికీ వెళ్ళాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. అద్దం సంగతి ఎత్తితే నవ్వాడు. "అది ఇంకా గుర్తు పెట్టుకున్నావా? మా పిల్లకి ఇద్దరు బిడ్డలు. బాగుండారు."

"అయితే ఆ బండికి రాసి ఉన్నట్టే గదా సామీ."

"అది మా అల్లుడి రాసి. బండిది కాదులే."

నా మాట అంత దూరం పోయింది, వెనక్కి రావడానికి దారి లేదు. పట్నంలో ఇప్పుడు ఊరేగింపులు చూడండి. లైట్లు మోసేవాళ్ళు కారుకు బారెడు దూరంలో నడుస్తారు. పెళ్ళికొడుకు మీద గౌరవం అనుకుంటారు చూసేవాళ్ళు. యేసుపాదం బండి అద్దాలు రెండు పగిలి నేర్పిన పాఠం అది. ఆ పాఠం అందరూ తీసుకున్నారు, అతన్ని ఎవరూ పిలవలేదు.

అతను కొన్నాళ్ళు మాధవరం నుంచి పాలక్యాన్లు మోయడానికి ఆ బండినే వాడాలని చూశాడు. రెండు సీట్ల బండిలో ఎన్ని పడతాయి? చివరికి షోళవరం పాత విమానాల మైదానంలో పందేలు తోలే కుర్రవాడికి అమ్మేశాడు. యార్డులోనే మళ్ళీ చేరాడు, ఫిట్టరుగా కాదు, పిలిచిన రోజు పోయే కూలిగా. ఒక ఆదివారం ఇద్దరం షోళవరం వెళ్ళి చూశాం. ఆ కుర్రవాడు గాలికి అడ్డమని ముందద్దం చట్రంతో సహా పీకేశాడు. బండి మా ముందు నుంచి రివ్వున పోయింది. యేసుపాదం చప్పట్లు కొట్టాడు.

కుర్రాళ్ళకు చెప్పవలసింది ఒకటే. మీరు అద్దం తెలిసినవాళ్ళు. మీ నోటి నుంచి వచ్చింది జనం సరదాగా తీసుకోరు. ఎందుకు పగిలిందని అడిగితే, తెలియకపోతే తెలియదనండి. కొట్టుకు ఒక గిరాకీ పోతే పోతుంది.

ఇక రికార్డు సరిచేస్తున్నాను. యేసుపాదం బండికి రాసి లేదన్న మాట పుట్టించింది మునిరత్నం అనే నేను. అది అబద్ధం. దాని అద్దం రెండుసార్లూ పగిలింది లైటు వేడికి, పన్నీటికి. ఆ బండిలో ఊరేగిన పెళ్ళికొడుకులంతా బాగున్నారు.

ఇది రాశాక వ్యాసర్పాడి తీసుకెళ్ళి యేసుపాదానికి చదివి వినిపించాను. అమ్మ మాటలకు నవ్వాడు. అంతా అయ్యాక కాగితాలు నా చేతిలోంచి తీసుకుని, అక్షరాలు సరిగా రాకపోయినా, పైనుంచి కిందికి వేలు పెట్టి చూశాడు.

"అంతా రాసినావు. బండి రంగు రాయలేదే" అన్నాడు.

ముదురు ఆకుపచ్చ. తుడిచి ఎండలో పెడితే లేత తమలపాకులా కనబడేది.